రచయిత కాకముందు

కువైట్ సిటీ నుంచి జహ్రా వైపు పోతుంటే, ఊరి హడావిడి సద్దుమణిగి ఎడారి ఇంకా మొదలు కాని చోట అమ్ఘరా ఉంది. మన సంఘం సభ్యుల్లో చాలామంది అటు వెళ్ళి ఉండరు. వెళ్ళినా, పాత ఇనుమో చవక కలపో కావాల్సి వచ్చినప్పుడు వెళ్ళి, బేరం ముగించుకుని, బూట్లు దులుపుకుని తిరిగొచ్చేసి ఉంటారు. గోడౌన్లు, కలప యార్డులు, తుక్కు యార్డులు, లారీలు, దుమ్ము. చూడదగ్గ ప్రదేశాల పట్టికలో దాన్ని ఎవరూ చేర్చరు. నా కువైట్ జీవితంలో మొదటి నాలుగేళ్ళు, 1993 నుంచి 1997 దాకా, అక్కడే గడిచాయి. చాలాకాలం ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. ఈ మధ్య కొంచెం గర్వంగా చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఆ గర్వమే నన్ను ఇరకాటంలో పెట్టింది. ఈ వ్యాసానికి కారణం అదే.

కిందటేడు మన ఉగాది కార్యక్రమం ముగిశాక, కుర్చీలు సర్దుతున్న సమయంలో ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. రైల్వే కోడూరు దగ్గరి పల్లె. అమ్ఘరాలోనే ఒక కలప యార్డులో కూలి పని. రాత్రిళ్ళు ఫోనులో కథలు రాసుకుంటాడట. రెండు చూపించాడు. ఒకటి మామూలుగా ఉంది. రెండోదానిలో లారీ మీంచి దుంగలు దించే ఒక సన్నివేశం ఉంది, అది చదువుతుంటే నా భుజాలు నొప్పి పుట్టాయి. బాగుందన్నాను. అంతటితో ఊరుకుంటే పోయేది. పెద్దరికం వచ్చాక నోరు ఊరుకోదు కదా! "ఈ కష్టమే నీకు పెట్టుబడి నాయనా. గొప్ప రచయితలంతా ఇలాంటి పనులు చేసి వచ్చినవాళ్ళే. నేనూ అమ్ఘరాలో పనిచేసినవాణ్ణే" అన్నాను.

అతను మర్యాదగానే విన్నాడు. తరవాత అన్నాడు: "అన్నా, మా యార్డులో నాతో కలిపి పదకొండు మందిమి ఉండాం. అందరం పడేది ఒకటే కష్టం గదా. మరి మిగతా పదిమందికి రాయడం ఎందుకు రాలేదంటావు?"

నా దగ్గర జవాబు లేదు. ఏదో నవ్వి, భుజం తట్టి పంపించాను. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నిద్ర పట్టనివ్వలేదు. మన వేదికల మీద ఎన్నిసార్లు ఈ మాట విన్నానో, ఎన్నిసార్లు నేనే అన్నానో! ఫలానా ఆయన పొలం పని చేశాడు, ఫలానా ఆయన ప్రెస్సులో పనిచేశాడు, అందుకే అంతటివాడయ్యాడు అని. ఆ 'అందుకే' అన్న మాట నిలబడుతుందా లేదా అని ఒకసారి తిరగేసి చూద్దామనిపించింది. మన రచయితల తొలి ఉద్యోగాల చరిత్ర తీసి కూర్చున్నాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పి పక్కన పెడతాను. రాజంపేట దగ్గర పుట్టి, బి.ఏ. చదివి, క్లర్కు ఉద్యోగమని చెప్పిన ఒక ఏజెంటు మాట నమ్మి వచ్చాను. అప్పటికి యుద్ధం ముగిసి రెండేళ్ళు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు మనవాళ్ళు లక్షకు పైగా జోర్డాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేరిన సంగతి మీకందరికీ తెలిసిందే. వాళ్ళు మళ్ళీ తిరిగి వస్తున్న రోజులవి. మా యార్డులోకి కాలిపోయిన కార్ల డొక్కులు, వంగిపోయిన ఇనుప దూలాలు ఇంకా వస్తుండేవి. ఏజెంటు పూర్తిగా అబద్ధం చెప్పలేదు, నాది క్లర్కు పనే. ఎండలో కాటా పక్కన నిలబడి, లారీ ఎక్కినప్పుడు ఒక బరువు, సరుకు దింపాక ఇంకో బరువు రాసుకుని, తేడా తీసి చీటీ ఇవ్వాలి. మధ్యమధ్య గడ్డపార కూడా పట్టుకోవాలి, ఆ సంగతి ఒప్పందంలో లేదు.

మొదటి నెలలోనే ఒక ఘనకార్యం చేశాను. అరబ్బీలో అయిదు అంకె మన సున్నాలాగా గుండ్రంగా ఉంటుంది. సున్నా వట్టి చుక్క. నూట యాభై కిలోల రాగి అని డ్రైవరు తెచ్చిన కాగితంలో ఒకటి, ఒక గుండ్రం, ఒక చుక్క ఉన్నాయి. నేను పది అని చదివి, చివర చుక్కను వాక్యం ముగింపుగా తీసుకుని, పది కిలోలని పుస్తకంలో ఎక్కించాను. ఆ తేడా మూడు నెలల పాటు నా జీతంలో కోత పెట్టారు. తమాషా ఏమిటంటే అరబ్బులు ఆ అంకెల్ని 'హిందీ అంకెలు' అంటారు. మన దేశం నుంచి వెళ్ళిన అంకెలే మనవాడి జీతం కోశాయన్నమాట.

అయితే ఆ కాటా దగ్గర కొన్ని నేర్చుకున్నాను. ఇనుము ఏదో ఇత్తడి ఏదో గీకి చూసి చెప్పడం. చెప్పాల్సింది రెండు గళ్ళలో ఇమిడ్చి రాయడం, ఎందుకంటే చీటీలో ఉండేవి అన్నే గళ్ళు. ఇంతకంటే పెద్ద చదువు రాత్రి గదిలో దొరికింది. మా గదిలో ఎనిమిది మందిమి. ముగ్గురికి రాయడం రాదు. వాళ్ళ ఉత్తరాలు నేనే రాసేవాణ్ణి. సెలవు మీద ఇంటికి పోయే మనిషి చేతికి ఇచ్చి పంపేవాళ్ళం. క్యాసెట్టులో మాటలు రికార్డు చేసి పంపడం కూడా ఉండేది కానీ, గదిలో ఏడుగురు వింటుండగా పెళ్ళాంతో ఏం మాట్లాడతారు? ఒకసారి ఒకాయన చేతికి కట్టు కట్టుకుని కూర్చుని, "బాగుండానని రాయి" అన్నాడు. బాగుండానని రాశాను. తరవాత ఎన్నో ఏళ్ళకు మన సంఘం కోసం నాటికలు రాసేటప్పుడు, పాత్ర ఏది దాచిపెట్టుకుంటుందో ముందు తెలుసుకోవాలన్న స్పృహ నాకు ఆ ఉత్తరాల నుంచే వచ్చింది. కాటా నుంచి కాదు. ఈ తేడా ఆనాడు గమనించలేదు. మన రచయితల చరిత్ర చదువుతుంటే తట్టింది.

జాషువా గారితో మొదలుపెడతాను. 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ స్త్రీ. బాల్యం నుంచి పడ్డ అవమానాలు తెలుగువాళ్ళందరూ ఎరిగినవే, ఇక్కడ మళ్ళీ చెప్పను. నన్ను ఆకర్షించింది ఆయన ఉద్యోగాల వరస. మొదట మిషనరీ పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగం నిలవలేదు. రాజమండ్రి వెళ్ళి 1915, 16 సంవత్సరాల్లో సినిమా హాల్లో 'వాచకుడు'గా పనిచేశారు.

ఈ ఉద్యోగం గురించి ఇప్పటివాళ్ళకు వివరించాలి. అవి మూకీల రోజులు. తెర మీద బొమ్మ కదులుతుంది కానీ మాట రాదు. ప్రేక్షకులకు కథ అర్థం కావాలి కనక తెర పక్కన ఒక మనిషి నిలబడి, జరుగుతున్న కథను, పాత్రల సంభాషణలను గట్టిగా చదువుతూ, చెబుతూ పోవాలి. తెర మీద బొమ్మ ఆగదు. వాచకుడు తడబడితే బొమ్మ ముందుకు పోతుంది, మాట వెనకబడుతుంది, జనం ఈలలేస్తారు. మైకులు లేవు. వెనక బెంచీ దాకా గొంతు వినపడాలి. రాజుకు ఒక గొంతు, రాణికి ఒక గొంతు, దుర్మార్గుడికి ఇంకో గొంతు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు చీకట్లో నిలబడి చేసిన పని అది.

ఇప్పుడు 'గబ్బిలం' తలుచుకోండి. 1941లో వచ్చిన కావ్యం. ఒక పేదవాడు, అంటరానివాడు, గుడిలోకి తనకు ప్రవేశం లేదు కనక తన గోడు కాశీ విశ్వనాథుడికి చేరవేయమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికితే ఇతనికి గబ్బిలం దొరికింది. కావ్యమంతా ఒక మనిషి, మాట్లాడని ఒక ప్రాణి ఎదుట, చీకట్లో, గొంతెత్తి చెప్పుకోవడమే. జాషువా పద్యం గట్టిగా చదివితేనే పూర్తిగా తెరుచుకుంటుందని ఆ పద్యాలు కంఠతా వచ్చినవాళ్ళంతా ఒప్పుకుంటారు. మన నాటకాల వాళ్ళకూ, పల్లెల్లో పద్యం పాడేవాళ్ళకూ అవి అంత సులువుగా నోటికెక్కడానికి రాజమండ్రి హాల్లో గడిచిన ఆ కాలానికీ ఏ సంబంధం లేదని నేను అనుకోలేను. రుజువు చూపించమంటే చూపించలేను. ఇది నా ఊహ అని ఒప్పుకుంటూనే చెబుతున్నాను.

ఇంకో చిన్న విషయం. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. దానితో తెర పక్క వాచకుడి ఉద్యోగానికి కాలం చెల్లడం మొదలైంది. జాషువా 'ఫిరదౌసి' వచ్చిందీ ఆ సంవత్సరమే. గజనీ మహమ్మదు మాట ఇచ్చి తప్పితే, ఏళ్ళ తరబడి కావ్యం రాసిన కవి ఎలా కుమిలిపోయాడన్నది ఆ కథ. కూలి ఎగ్గొట్టబడ్డ పనివాడి కథగా దాన్ని నేను అమ్ఘరాలో ఉన్నప్పుడు మొదటిసారి చదివాను. పండితులు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ అలాగే కనిపిస్తుంది.

ఆ తరవాత ఆయన గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు, ఆ పైన 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో యుద్ధ ప్రచారకుడిగా ఊళ్ళు తిరిగారు. 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియోలో కార్యక్రమాలు తయారుచేశారు. వరసగా చూడండి: బడి, తెర పక్క చీకటి, మళ్ళీ బడి, ప్రచార సభలు, రేడియో. అన్నీ నోటితో చేసే పనులే. పద్యం ఆయన జీవితంలో ఏనాడూ ఉద్యోగానికి మరీ దూరంగా జరగలేదు.

రావూరి భరద్వాజ గారి కథ వేరు. 'కష్టాలే రచయితను చేశాయి' అనేవాళ్ళంతా ముందు చెప్పేది ఆయన పేరే. నేనూ ఆయన పేరే చెప్పేవాణ్ణి. 1927 జూలై 5న మోగులూరులో పుట్టి, గుంటూరు జిల్లా తాడికొండలో పెరిగారు. హైస్కూలు చదువు పూర్తి కాలేదు. పొలం పనులు చేశారు, కర్మాగారంలో చేశారు, ప్రెస్సుల్లో చేశారు. యుద్ధకాలంలో నెల్లూరులో కొన్నాళ్ళు ఏదో సాంకేతిక ఉద్యోగం. 1946లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, నెల్లూరులోనే 'జమీన్ రైతు' వారపత్రిక సంపాదకవర్గంలో చేరారు. 1948లో 'దీనబంధు' బాధ్యత. ఆ పైన జ్యోతి, సమీక్ష, అభిసారిక, చిత్రసీమ, సినిమా, యువ. ఇన్ని పత్రికలు మారి 1959లో హైదరాబాద్ ఆకాశవాణిలో చేరి, 1987లో పదవీ విరమణ చేశారు. 2012 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం ఆయనకు వచ్చింది. విశ్వనాథ, సినారెల తరవాత తెలుగుకు అది మూడోది. ఆ పురస్కారం ప్రకటించిన 2013లోనే అక్టోబరు 18న కన్నుమూశారు. బడి ముగించని మనిషి పుస్తకాలు విశ్వవిద్యాలయాల్లో పాఠ్యగ్రంథాలయ్యాయి, గౌరవ డాక్టరేట్లు వచ్చాయి.

వేదిక మీద చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఏముంటుంది! పొలం కూలీ, చివర జ్ఞానపీఠం. మధ్యలో ఉన్నదంతా మింగేస్తాం.

ఆ మధ్యలో ఉన్నదే అసలు సంగతి అని ఇప్పుడనిపిస్తోంది. 1946 నుంచి 1959 దాకా పదమూడేళ్ళు ఆయన పనిచేసినవన్నీ పత్రికలు. చిన్న పత్రికలో పనిచేయడమంటే ఒక్క పని కాదు. రచన తక్కువపడితే ఖాళీ నింపాలి. ఎక్కువైతే కోయాలి. పాఠకుల ఉత్తరాలు చూడాలి, ప్రూఫులు దిద్దాలి, కాగితం కొట్టు వాడికి బాకీ గురించి సర్దిచెప్పాలి. ఇన్ని గంటల్లో ఇన్ని పేజీలు తయారు కావాలి. మనసు బాగాలేదని చెబితే ప్రెస్సు ఆగదు. ఆ తరవాత రేడియోలో ఇరవై ఎనిమిదేళ్ళు. అక్కడ గడియారం ఇంకా కఠినం. పది నిమిషాల ప్రసంగమంటే పది నిమిషాలే. పిల్లలకు అర్థమయ్యేట్టు సైన్సు రాయమంటే అదీ రాయాలి. ఆయన రాశారు.

'పాకుడురాళ్ళు' 1978లో పుస్తకంగా వచ్చింది. మంజరి అనే నటి జీవితం చుట్టూ తిరిగే సినిమా రంగపు నవల. భరద్వాజ నటుడు కాదు, నిర్మాత కాదు. మరి ఆ లోకం లోపలి గదుల సంగతులు అంత వివరంగా ఎలా తెలిశాయి? 'చిత్రసీమ', 'సినిమా' అన్న పత్రికల పేర్లే కొంత జవాబు చెబుతున్నాయి. సినిమా పత్రిక ఆఫీసుకు వచ్చే వార్తల్లో అచ్చయ్యేవి కొన్నే. అచ్చు కానివి ఎక్కడికి పోతాయి? బల్ల దగ్గర కూర్చున్న మనిషి చెవిలో ఉండిపోతాయి. ఇరవై, ముప్ఫై ఏళ్ళ తరవాత నవలలోకి వస్తాయి.

పొలం పనులూ ప్రెస్సు పనులూ వృథా పోయాయని నేననడం లేదు. చిన్నచిన్న పనులతో పొట్ట పోసుకునే మనుషుల మీద ఆయన రాసిన 'జీవన సమరం' చదవండి. నా మటుకు నాకు 'పాకుడురాళ్ళు' కంటే అదే ఎక్కువ ఇష్టం. పనివాడి చేతిని చూసే పద్ధతి అందులో వేరుగా ఉంటుంది, జాలిపడే పెద్దమనిషి చూపు కాదది. ఆ చూపు పొలంలో, ప్రెస్సులో వచ్చింది. దాన్ని కాగితం మీద పెట్టే చెయ్యి పత్రికల్లో, రేడియోలో తయారైంది. మొదటిది లక్షలమందికి ఉంది. రెండోది తయారయ్యే అవకాశం ఎంతమందికి దొరికింది?

తెనాలి, మద్రాసు, బెజవాడ ప్రెస్సుల్లో సీసపు అక్షరాలను తలకిందులుగా చదువుతూ ఏళ్ళకేళ్ళు నిలబడ్డ కంపోజిటర్ల గురించి ఆలోచించాను. తెలుగు సాహిత్యంలో సగం వాళ్ళ వేళ్ళ మధ్య నుంచి పోయింది. వాళ్ళలో కథలు రాయగలిగినవాళ్ళు లేరా? ఉండే ఉంటారు. రాయగలిగినా రాయనివాళ్ళకు చరిత్ర ఉండదు కనక, గెలిచినవాళ్ళ తొలి ఉద్యోగాల లెక్కే మన చేతిలో మిగిలింది. కోడూరు కుర్రాడు అడిగిన పదిమంది ఆ లెక్కలో లేరు.

మిగతావాళ్ళను త్వరగా చెప్పేస్తాను. శ్రీశ్రీ జంతుశాస్త్రంలో బి.ఏ. పట్టా పుచ్చుకుని, 1935లో విశాఖలో కాలేజీ డిమాన్‌స్ట్రేటరు, 1938లో ఆంధ్రప్రభ సబ్ ఎడిటరు, ఆ తరవాత ఢిల్లీ ఆకాశవాణి, సైన్యం, నైజాం కొలువు, ఇంకో పత్రిక. కానీ 'మహాప్రస్థానం' గీతాల్లో చాలా భాగం ఈ ఉద్యోగాల్లో ఎక్కువ వాటికి ముందువే. కనక ఉద్యోగాలు కవిని చేశాయన్న సిద్ధాంతానికి ఆయన ఏమాత్రం సహకరించరు. (ఏ సిద్ధాంతానికి సహకరించారు గనక?) ఆరుద్ర 1943లో వైమానిక దళంలో బ్యాండు కుర్రాడిగా చేరి 1947 దాకా వాయిద్యం వాయించారు. తరవాత 'ఆనందవాణి' పత్రిక, 1949లో 'త్వమేవాహం', ఆ పైన సినిమా పాటలు. ఇచ్చిన బాణీకి మాట కూర్చడంలో, ప్రాసల గారడీలో ఆయనకున్న లాఘవానికి నాలుగేళ్ళ బ్యాండు లెక్క ఎంతో కొంత తోడయ్యే ఉంటుంది. దరువు తప్పితే సైన్యంలో ఊరుకోరు కదా.

అలిశెట్టి ప్రభాకర్ దగ్గర మాత్రం ఆగాలి. జగిత్యాలలో బొమ్మలు వేస్తూ మొదలైన మనిషి. తరవాత ఫోటోగ్రఫీ నేర్చుకుని స్టూడియో పెట్టారు. జగిత్యాలలో 'పూర్ణిమ', కరీంనగర్‌లో 'శిల్పి', హైదరాబాద్‌లో 'చిత్రలేఖ'. ఊరు మారినప్పుడల్లా ఒక స్టూడియో. 'ఎర్ర పావురాలు', 'చురకలు', 'సంక్షోభ గీతం' లాంటి సంపుటాలు, 'సిటీ లైఫ్' పేరుతో ఆంధ్రజ్యోతి దినపత్రికలో వచ్చిన మినీ కవితలు. ఆయన కవితకు కొలత ఫోటో కొలతే. ఒక చట్రం, ఒక క్షణం, క్లిక్. కెమెరా పట్టిన చెయ్యి కవితలో ఎంత వదిలేయాలో నేర్పిందనడానికి తెలుగులో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు. అయితే ఆ స్టూడియోలు ఆయనకు కూడు పెట్టలేదు. క్షయ పట్టుకుంది. 1993 జనవరి 12న, నలభై నిండకుండానే పోయారు. నేను పాస్‌పోర్టు చేతపట్టుకుని బొంబాయిలో విమానం కోసం కూర్చున్న సంవత్సరం అది. వృత్తి కవితను ఎలా చెక్కిందో చెప్పి, మనిషిని ఎలా ఖర్చుపెట్టిందో చెప్పకపోతే అది సగం చరిత్ర.

మనవాళ్ళే కాదు, మనం నివసిస్తున్న ఈ ఊరికీ ఒక ఉదాహరణ ఉంది. పాలస్తీనా రచయిత గస్సాన్ కనఫానీ 1950ల రెండో సగంలో కువైట్‌లో బడిపంతులు. బొమ్మలు వేయడం, ఆటలు నేర్పేవాడు. 1960లో బేరూత్ వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో ఇక్కడ చెల్లిన డబ్బు మన రూపాయే. రిజర్వు బ్యాంకు గల్ఫు కోసం వేరే రూపాయలు అచ్చువేసేది, దినార్ 1961లో వచ్చింది. కనఫానీ 1963 నాటి చిన్న నవలలో ముగ్గురు పాలస్తీనా మనుషులు పని కోసం బస్రా నుంచి ఖాళీ నీళ్ళ ట్యాంకరులో దాక్కుని కువైట్ బయలుదేరతారు. సరిహద్దు దగ్గర కాగితాల ఆలస్యంలో, లోపలి వేడికి ముగ్గురూ చచ్చిపోతారు. డ్రైవరు ఆ శవాలను ఊరి బయట మునిసిపాలిటీ చెత్త పోసే చోట వదిలిపోతాడు. నేను ఆ నవల ఇంగ్లీషులో చదివింది అమ్ఘరా వదిలేశాక. ముందే చదివి ఉంటే ఆ యార్డులో నిద్రపట్టేది కాదు. కనఫానీ ట్యాంకరులో రాలేదు, పంతులుగా వచ్చాడు. కానీ వచ్చినవాళ్ళ మధ్య బతికాడు, విన్నాడు, సాయంత్రాలు రాసుకోవడానికి కొంత తీరిక ఉన్న ఉద్యోగంలో ఉన్నాడు. ట్యాంకరులో వచ్చినవాళ్ళెవరూ ఆ నవల రాయలేదు. మన కడప పల్లెల నుంచి, కోనసీమ నుంచి ఇళ్ళలో పనికి వచ్చిన ఆడవాళ్ళ కథ చక్రవేణు గారి 'కువైట్ సావిత్రమ్మ'గా మనకు దక్కింది. సావిత్రమ్మలు తామే రాసిన కథలు ఎన్ని ఉన్నాయి?

ఇదంతా తిరగేశాక నా విషయంలోకి వస్తే కొంచెం నామోషీగానే ఉంది. 1997లో ఒక పరిచయస్తుడి మాట సాయంతో షువైఖ్‌లో ఒక ప్రెస్సులో లెక్కలు రాసే పనికి మారాను. నీడ, ఫ్యాను, శుక్రవారం పూర్తి సెలవు. మొదటి నాటిక అక్కడ చేరిన ఆరు నెలలకు రాశాను. అమ్ఘరాలో నాలుగేళ్ళలో ఒక్క పేజీ రాయలేదు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టుకోవడానికి నాకు పాతికేళ్ళ పైన పట్టింది. ఇన్నాళ్ళూ 'అమ్ఘరా నన్ను రచయితను చేసింది' అని చెప్పుకున్నాను. సరుకు అమ్ఘరాది, నిజమే. దాన్ని కాగితం మీద పెట్టే తీరిక ప్రెస్సు ఇచ్చింది. ఆ కాటా దగ్గర నా తరవాత నిలబడ్డ మనిషి ఎవరో కూడా నాకు తెలియదు.

నెల రోజుల కిందట ఒక శుక్రవారం అమ్ఘరా వెళ్ళాను. కుర్రాడి గది కలప యార్డు వెనకే. సందులో ఎండు చెక్క వాసన, డీజిలు వాసన అప్పటిలాగానే ఉన్నాయి. గదిలో స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. 'జీవన సమరం', 'గబ్బిలం' తీసుకువెళ్ళి ఇచ్చాను. "ఆ రోజు నేను చెప్పింది తప్పు" అన్నాను. ఏం చెప్పానో అతనికి గుర్తుకు రావడానికి కొంచెంసేపు పట్టింది. గుర్తొచ్చాక నవ్వాడు.

"అదేంలేదన్నా. వాళ్ళకు రాదని కాదు. రాత్రి తొమ్మిదికల్లా కండ్లు మూతలు పడతాయి, అంతే. నేను రాసింది చదివితే మాత్రం వింటారు. మొన్న ఒకాయన, నువ్వు రాసినట్టు లారీ ఆ పక్క నుంచి వెనక్కి రాదబ్బాయ్, దుంగలు ఎడమకు దొర్లుతాయి అని చెప్పినాడు. మార్చుకున్నా" అన్నాడు.

అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. వాళ్ళ యజమానికే ఇంకో యార్డు ఉందట, అక్కడ గేటు దగ్గర చీటీలు రాసే మనిషి కావాలట. కూర్చునే పని. జీతం మాత్రం ఇరవై దినార్లు తక్కువ, ఎందుకంటే ఓవర్‌టైం ఉండదు. పోవాలా వద్దా అని నన్నడిగాడు. జాషువా, భరద్వాజల గురించి ఇన్ని పేజీలు చదివి వచ్చిన నేను ఏ సంకోచమూ లేకుండా పొమ్మని చెప్పాలి. నోరు రాలేదు. ఇంటి దగ్గర అప్పు ఎంతుందని అడిగాను. మన డబ్బు కాదు, ఇక్కడి లెక్కలో చెప్పమంటే పద్నాలుగు వందల దినార్లన్నాడు. నెలకు వంద పంపుతున్నాడు.

చెక్క లోడు చీటీ ఒకటి తీసి వెనకవైపు లెక్క వేశాం. వడ్డీ పక్కన పెడితే, వంద చొప్పున పద్నాలుగు నెలలు. ఎనభై చొప్పున పదిహేడున్నర. అతను ఆ రెండు అంకెలను కాసేపు చూశాడు.

"మూడున్నర నెలలేనా తేడా?" అన్నాడు.

"వడ్డీ కూడా చూసుకో" అన్నాను.

చీటీ మడిచి జేబులో పెట్టుకుని, పప్పు దించడానికి లేచాడు.